ఎర్రమట్టి దిబ్బల ఆయిల్ పెయింటింగ్: ఇంత బరువు ఎక్కడినుంచి వస్తోంది?

పెదవాల్తేరు:

అందరికీ నమస్కారం. లాసన్స్ బే కాలనీలో మా పెద్దనాన్నగారింట్లో, హాల్లో ఒక ఆయిల్ పెయింటింగ్ ఉంది. భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు, వాటి వెనక సముద్రం, పైన వాన మబ్బు. వెడల్పు మూడడుగులకి కొంచెం తక్కువే ఉంటుంది. పోర్టులో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో బొమ్మలు వేసుకునే స్నేహితుడొకరు పెద్దనాన్నకి ఇచ్చారట, ఆ స్నేహితుడు ఇప్పుడు లేరు. నాకు ఆ బొమ్మంటే చాలా ఇష్టం. మనుషులు లేరు, పశువులు లేవు, ఒక్క పడవ కూడా లేదు, అయినా దాని ముందు నిలబడితే ఏదో జరగబోతోందన్న బరువు మనసు మీద పడుతుంది. మా తమ్ముడు మాత్రం "కలర్స్ డల్‌గా ఉన్నాయక్కా, అసలు దిబ్బలు ఇంకా ఎర్రగా ఉంటాయి కదా" అంటాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. మూడింట రెండు వంతులు ఆకాశమే. దగ్గరికెళ్లి చూస్తే ఆకాశంలో రంగు ఎంత పల్చగా ఉందంటే కాన్వాస్ నేత కనిపిస్తోంది. కింద దిబ్బల అంచుల్లో మాత్రం రంగు మందంగా, గట్టు కట్టినట్టు లేచి ఉంది. సముద్రం సన్నటి పట్టీ, నీలం కాదు, బూడిద కలిసిన ఆకుపచ్చ. సముద్రానికీ మబ్బుకీ మధ్య ఒక గీత మేర వెలుతురు ఉంది, బొమ్మ మొత్తంలో తెల్లదనం అంటూ ఉన్నది అక్కడే. కుడివైపు నాలుగైదు సరుగుడు చెట్లు, అవీ మసక మసకగా మబ్బులోకి కలిసిపోయాయి. ఇంకో సంగతి, బొమ్మ కొన్నిచోట్ల నిగనిగలాడుతోంది, చీకటి రంగులున్న చోట్ల మాత్రం ఏ మెరుపూ లేకుండా పొడిబారినట్టుంది. పాడైపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది.

నాకు బొమ్మలు వేయడం రాదు. చూడ్డం నేర్చుకోవాలని ఉంది. ఆ మూడ్ ఏ పనితనం వల్ల వచ్చిందో, ఇలాంటి బొమ్మని ఎలా చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

నూనెరంగులు:

పెదవాల్తేరు గారూ, ఇంత శ్రద్ధగా చూసి రాసినందుకు ముందు థాంక్స్. మీ తమ్ముడు డల్ అంటున్నదే ఆ బొమ్మకి ప్రాణం అని నా నమ్మకం, ఎందుకో చెప్తాను.

బొమ్మకి ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడి కళ్లు సగం మూసి చూడండి. చెట్లు, మబ్బులు, ఇసుక అన్న పేర్లన్నీ పోయి వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రం మిగులుతాయి. వేసేవాళ్లు దీన్ని వాల్యూ అంటారు, అంటే ఏ రంగు అన్నది వదిలేసి అది ఎంత తేటగా ఎంత ముదురుగా ఉందన్న లెక్క. ల్యాండ్‌స్కేప్‌లో, అంటే ప్రకృతి దృశ్యం బొమ్మలో, మూడ్ సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది, రంగులు ఆ తర్వాతి మాట. మీరు చెప్పినదాన్ని బట్టి మబ్బు, సముద్రం, దిబ్బలు మూడూ దాదాపు ఒకే మోతాదు చీకట్లో ఉన్నాయి, ఆ ఒక్క గీత తప్ప. కన్ను తెరిపి కోసం వెతుక్కుంటూ పోయి ఆ గీత దగ్గర ఆగుతుంది. పైన చూస్తే అంత మబ్బు, కింద చూస్తే అంత నేల, మధ్యలో ఆ కాస్త వెలుతురు. అది ఇంకాసేపట్లో మూసుకుపోతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. మీకు కలుగుతున్న "ఏదో జరగబోతోంది" అన్నది అదే.

వాల్యూ ఎంత పని చేస్తుందో చూడాలంటే ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1872లో ల హావ్ర్ రేవుని వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' ఫోటో ఫోన్‌లో తెరిచి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఆ నారింజ సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! సూర్యుడూ చుట్టూ ఉన్న బూడిద ఆకాశమూ ఒకే వాల్యూలో ఉండటమే కారణం. తేడా అంతా రంగులోనే ఉంది, అందుకే ఆ సూర్యుడు నిలకడ లేకుండా అదురుతున్నట్టు అనిపిస్తాడు. వెలుతురు చూపించాలంటే తెలుపు ఎక్కువ పూస్తే చాలదని ఆ ఒక్క బొమ్మ చూస్తే అర్థమవుతుంది.

ఎరుపు సంగతి. ఒక తెల్లకాగితానికి పెన్సిల్ పట్టేంత చిల్లు పెట్టి, బొమ్మకి తగలకుండా ఎదురుగా పట్టుకుని, ఆ చిల్లులోంచి దిబ్బ రంగు ఒక్కటే చూడండి. ఎరుపు కాదు, ఏదో మట్టిరంగు కనిపిస్తుందని నేను పందెం కాస్తాను. కాగితం తీసేస్తే మళ్లీ ఎరుపు! పక్కనున్న ఆ బూడిద ఆకుపచ్చ సముద్రమే దాన్ని ఎర్రగా చూపిస్తోంది. ఎరుపుకి ఎదురు రంగు ఆకుపచ్చ, రెండూ పక్కపక్కన పడితే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ట్యూబులోంచి తీసిన ఎరుపు అలాగే పూసి ఉంటే దిబ్బలు ముందుకు దూకేవి, మబ్బు వెనకబడిపోయేది, వాన ఊసే ఉండేది కాదు. మీ తమ్ముడికి ఈ చిల్లు కాగితం ఇవ్వండి, వాదన అక్కర్లేదు.

ఆకాశం పల్చగా ఉన్నచోట ఇంకోటి వెతకండి. నేత సందుల్లోంచి గోధుమ ఎరుపు ఛాయ ఎక్కడైనా తొంగి చూస్తోందా? చాలామంది తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టరు, బర్న్ట్ సియెన్నా లాంటి రంగుని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి ముందు కాన్వాస్ అంతా పూసి ఆరనిస్తారు. తర్వాత మీద పూసిన బూడిదరంగు ఆకాశంలోంచి ఆ వేడి ఛాయ అక్కడక్కడా కనిపిస్తూ ఉంటే నేలా నింగీ ఒకే గాలిలో ఉన్నట్టు కలిసిపోతాయి. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ఎర్రమట్టి దిబ్బల ఇసుకకి ఆ రంగు ఇచ్చింది ఐరన్ ఆక్సైడ్, బర్న్ట్ సియెన్నా రంగు కూడా ఐరన్ ఆక్సైడే. పూర్వం ఇనుము ఉన్న మట్టిని కాల్చి చేసేవాళ్లు, ఇప్పటి ట్యూబుల్లో చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనది ఉంటుంది, పదార్థం మాత్రం అదే. అంటే ఆయన దిబ్బల్ని దిబ్బల రంగుతోనే వేశారు.

కంచరపాలెం బ్రష్:

నూనెరంగులు గారు చెప్పినవన్నీ నిజమే. కానీ ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడటం అలవాటు చేసుకోవద్దమ్మా. వాల్యూ తెలుస్తుంది గానీ నీలాల్లోని చలువ, ఎరుపుల్లోని వెచ్చదనం మొత్తం ఎగిరిపోతాయి. మీ బొమ్మలో ఆ రెండో సంగతి కూడా చాలా ఉందని నాకు అనిపిస్తోంది. కళ్లు సగం మూసి చూడటం చాలు.

నేను వేరే వైపు నుంచి చెప్తాను. ల్యాండ్‌స్కేప్ ముందు నిలబడగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న: సూర్యుడు ఎక్కడ? మన విశాఖలో ఇది చాలా ముఖ్యం. మన సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంది, పొద్దు నీళ్లలోంచి వస్తుంది, సాయంత్రం కొండల వెనక్కి పోతుంది. ఆర్కే బీచ్‌లో నీళ్ల మీద బంగారు సూర్యాస్తమయం వేసిన బొమ్మలు చాలా అమ్ముతుంటారు, అవి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, అలాంటి పొద్దు ఆ ఒడ్డున ఎప్పుడూ వాలదు. మన దగ్గర సాయంత్రం సముద్రం వైపు చూస్తే వెలుతురు వీపు మీద పడుతుంది, పొద్దు కుంకాక అడుగున నీలి పట్టీ, దాని మీద గులాబీ ఛాయ పైకి లేస్తాయి. దాన్ని సరిగ్గా వేసినవాడు ఇక్కడ నిలబడి చూసినవాడని తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ బొమ్మ. పైనంతా మబ్బు, సముద్రం చివర మాత్రం వెలుతురు గీత. అంటే మబ్బు నేల వైపు నుంచి, కొండల మీదుగా వచ్చింది, సముద్రం చివరిదాకా ఇంకా కమ్మలేదు. వేసవిలో మధ్యాహ్నం దాటాక తూర్పు కనుమల వైపు నుంచి ఉరుముల వాన ఇలాగే వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టినప్పుడైతే ముసురు సముద్రం మీంచి వస్తుంది, ముందు కనుమరుగయ్యేది ఆ అంచే. కాబట్టి ఆయన వేసింది ఏదో ఒక వాన కాదు, వేసవి సాయంత్రం గాలి ఒక్కసారి ఆగిపోయి, వీపు వెనకనుంచి మబ్బు కమ్ముకొచ్చే ఆ కాసేపు. మీ మీద పడుతున్న బరువు బొమ్మలో కనిపించని వైపు నుంచి వస్తోంది, చూసేవాళ్ల వెనకనుంచి. ఇది తెలిసి చేశాడు ఆయన, లేదా ఎన్నిసార్లో అక్కడ నిలబడి ఉంటాడు.

అంచుల గురించి ఒక్క మాట. సరుగుడు చెట్లు మబ్బులో కలిసిపోయాయన్నారు. అది చేతకాక కాదు. అవిసె నూనెలో కలిపిన రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి మెల్లగా గట్టిపడుతుంది, అందుకే ఒక్కోసారి రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఆ పచ్చి ఆకాశంలోకే చెట్లని లాగితే అంచు కరిగిపోతుంది. ఎక్కడ అంచు తెగ్గొట్టాలి, ఎక్కడ పోగొట్టాలి అన్నదాంట్లోనే చేతి నేర్పు బయటపడుతుంది. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో వేసిన 'రెయిన్, స్టీమ్ అండ్ స్పీడ్'లో వంతెన, నది, ఆకాశం అన్నీ వానలో కరిగిపోయి ఉంటాయి, రైలింజను పొగగొట్టం మాత్రం నల్లగా తెగినట్టు ఉంటుంది. చూపు దాని మీదికే పోతుంది. మీ బొమ్మలో తెగిన అంచు ఎక్కడుందో చూసి రాయండి.

భీమిలి రోడ్డు:

అన్నీ చదివాను, చాలా నేర్చుకున్నాను. కానీ నాదో సందేహం. పెదవాల్తేరు గారికి ఆ చోటు తెలుసు, ఆ దిబ్బల్లో తిరిగి ఉంటారు, వాన ముందు మట్టి వాసన తెలుసు, పెద్దనాన్నగారి ఇల్లు, పోయిన మనిషి గుర్తులు కూడా ఉన్నాయి. మూడ్ వాళ్ల మనసులోంచి వస్తోందేమో, వాల్యూలూ అంచులూ తర్వాత మనం కట్టిన కారణాలేమో. ఢిల్లీలో పుట్టి పెరిగినవాళ్లకి చూపిస్తే ఒక ఎర్రటి నేల, ఒక మబ్బు అంటారేమో కదా. నేను రోజూ ఆ రోడ్డు మీదే ఆఫీసుకి వెళ్తాను, ఆ దిబ్బలంటే నాకు ప్రాణం, ఎవరు ఎంత మామూలుగా వేసినా ఆగి చూస్తాను.

నూనెరంగులు:

భీమిలి రోడ్డు గారూ, జ్ఞాపకం కలుస్తుంది, కాదనను. కానీ అది చాలదు. అదే దిబ్బల ఫోటో క్యాలెండర్ మీద చూసినప్పుడు పెదవాల్తేరు గారికి ఈ బరువు కలిగి ఉండదు కదా, ఈ ఒక్క కాన్వాస్ ముందే కలుగుతోంది.

నేను రష్యా వెళ్లలేదు, అక్కడి సరస్సులు చూడలేదు. అయినా అక్కడి చిత్రకారుడు లెవితాన్ 1894లో వేసిన 'అబౌవ్ ఎటర్నల్ పీస్' ఫోటో చూసినప్పుడల్లా నోట మాట రాదు. కింద ఒక మూల కొండకొమ్ము మీద చిన్న చెక్క చర్చి, దాని వెనక వాలిపోయిన సమాధి శిలువలు, గాలికి ఊగే చెట్లు. మిగతాదంతా నీళ్లూ ఆకాశమూ. మనిషి ఆనవాలుని అంత చిన్నది చేసి మూలకి నెట్టి, ఆకాశానికి అంత చోటు ఇవ్వడంలోనే ఉంది ఆ భావం. దానికి నా జ్ఞాపకాలేవీ సాయం రాలేదు. మీ పోర్టు చిత్రకారుడు కూడా మూడింట రెండు వంతులు ఆకాశానికే ఇచ్చారు, గమనించండి.

ఇంగ్లీషు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 22ల్లో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో కూర్చుని మబ్బుల్నే వరసగా వేశాడు, చాలావాటి వెనక తేదీ, గంట, గాలి ఎటునుంచి వీస్తోందో కూడా రాసుకున్నాడు. ల్యాండ్‌స్కేప్‌లో భావాన్ని మోసేది ముఖ్యంగా ఆకాశమేనని ఒక ఉత్తరంలో రాశాడు కూడా. కంచరపాలెం గారు మబ్బు ఎటునుంచి వచ్చిందో చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. భావం అంటే గాల్లోంచి ఊడిపడేది కాదు, గాలి ఎటు వీస్తోందో తెలిసినవాడి చేతికే అది వస్తుంది.

పెదవాల్తేరు:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఆదివారం పొద్దున్నే వెళ్లి, ట్యూబ్‌లైటు ఆపేసి, పక్క కిటికీ తెరిచి చూశాను. పక్కనుంచి వెలుతురు పడితే రంగు ఎత్తుపల్లాలన్నీ బయటపడ్డాయి.

ఆకాశం సందుల్లో గోధుమ ఎరుపు ఉంది! ఎడమ పైమూలలో బాగా కనిపిస్తోంది. చిల్లు కాగితం పెట్టి చూస్తే దిబ్బ రంగు బెల్లం పాకంలా ఉంది, ఎరుపు అనడానికి లేదు. తమ్ముడు కాగితం పెట్టి తీసి, పెట్టి తీసి చూశాడు, ఏమీ అనలేదు గానీ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

తెగిన అంచు ఒక్కచోటే ఉంది. ముందున్న దిబ్బకి వాన నీళ్లు కోసిన గండి ఉంది, దాని పై అంచు. అక్కడ రంగు బ్రష్‌తో పూసినట్టు లేదు, చదునుగా, ఒక వైపు పదునుగా తెగి ఉంది. దాని పక్కన గడ్డి పరకల్లాంటి సన్నటి గీతలున్నాయి, గీతల్లో లోపలి గోధుమ ఎరుపు కనిపిస్తోంది. అవి పూసినవి కావు, గీకినవి అనిపించింది. మబ్బులోంచి సముద్రం మీదికి ఏటవాలుగా ఒక మసక చార కూడా ఉంది, ఇన్నేళ్లుగా నేను దాన్ని మరకేమో అనుకున్నాను. అది వానేనా?

కంచరపాలెం బ్రష్:

వానే అమ్మా. మబ్బు రంగు పచ్చిగా ఉండగానే పొడి బ్రష్‌ని ఒక్కసారి ఏటవాలుగా కిందికి లాగి వదిలేస్తారు, రెండోసారి ముట్టుకుంటే బురదైపోతుంది. అంత దూరాన వాన మొదలైంది, ఇక్కడ ఇంకా పడలేదు. ఆ చార ఉన్నవైపు వెలుతురు గీత కొంచెం తగ్గి ఉంటుంది, చూడండి.

గండి అంచు పాలెట్ నైఫ్ పని. కత్తితో రంగు పెడితే చదునుగా ఒక పొరలా కూర్చుంటుంది, పక్కనుంచి వెలుతురు పడితే అది మెరుస్తుంది. మందంగా ఉన్న రంగు గదిలోని వెలుతురుని నిజంగానే పట్టుకుంటుంది, అందుకే అది దగ్గరికి వచ్చినట్టుంటుంది, పల్చటి ఆకాశం వెనక్కి పోతుంది. గడ్డి పరకలు బ్రష్ కాడ చివరతో పచ్చి రంగులో గీకినవి. మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆ గండి అంచు దగ్గరే ఇంకోటి చూడండి, కత్తిపొర కిందనున్న రంగుతో కలిసి చారలు పడిందా, లేక కింద నేత ఎత్తుల మీద మాత్రమే తెగతెగ అంటుకుందా? కలిస్తే ఒకే కూర్చోడంలో వేసినట్టు, తెగితే కింది పొర ఆరాక మళ్లీ వచ్చి వేసినట్టు. ఆకాశం, చెట్లు, వాన ఒకే ఊపులో అయిపోయాయని నా అంచనా, దిబ్బలకి మాత్రం ఇంట్లో తీరిగ్గా ఇంకోసారి కూర్చుని ఉంటారు.

మెరుపు పోయిన చోట్ల గురించి కంగారు పడకండి. ముదురు మట్టిరంగుల్ని టర్పెంటైన్ ఎక్కువ కలిపి పూస్తే వాటిలోని నూనెని కింది పొర పీల్చేసుకుంటుంది, పైన పొడిగా కనిపిస్తుంది. అది పాడవటం కాదు. తెలిసినవాళ్ల చేత వార్నిష్ పట్టిస్తే ఆ చీకట్లు మళ్లీ లోతుగా కనిపిస్తాయి, అప్పుడు ఆ వెలుతురు గీత ఇంకా గట్టిగా పలుకుతుంది. కొబ్బరినూనె రాయడం, తడిబట్టతో తుడవడం, ఉల్లిపాయ ముక్కతో రుద్దడం, ఇవి మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

భీమిలి రోడ్డు:

ఇదంతా చదివాక, మొన్న సాయంత్రం దిబ్బల దగ్గర బండి ఆపి కళ్లు సగం మూసి చూశాను. మబ్బు లేదు, ఎండ పక్కనుంచి పడుతోంది, గండ్లన్నీ లోపల ఊదారంగులో ఉన్నాయి. అక్కడ ఊదారంగు ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. జ్ఞాపకం చాలదన్న మాట ఒప్పుకుంటున్నాను. ఇలాంటి అసలు బొమ్మలు, ఫోటోలు కాకుండా, దగ్గరగా నిలబడి చూసే చోటు ఎక్కడైనా ఉంటే చెప్పండి.

నూనెరంగులు:

రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ తప్పకుండా చూడండి. ఆయన 1925లో చిన్న వయసులోనే పోయారు, చేతి పని దగ్గరగా చూడొచ్చు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగ్స్ ఉన్న గది కూడా మంచిదే. ఎక్కడైనా బొమ్మల దగ్గర పరిగెత్తకండి, ఒకటి రెండు ఎంచుకుని వాటి ముందే ఉండిపోండి, దగ్గరికి వెళ్లి రంగు ఎలా పెట్టారో చూసి, వెనక్కి వచ్చి అది ఏమైందో చూడండి.

పెదవాల్తేరు గారూ, లాసన్స్ బే అంటే ఉప్పుగాలి, తేమ కాబట్టి రెండు జాగ్రత్తలు. ఫ్రేము కింది మూలల వెనక చిన్న కార్కు ముక్కలు అంటించండి, గోడకీ కాన్వాస్‌కీ మధ్య గాలి ఆడుతుంది, వెనక బూజు పట్టదు. నేరుగా ఎండ పడే గోడకి, అగరొత్తుల పొగ తగిలే చోట పెట్టొద్దు. దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన తీయండి, ఎక్కడైనా రంగు పెళ్లలుగా లేస్తుంటే మాత్రం అదీ చేయకండి, ముందు బాగుచేసేవాళ్లకి చూపించండి. వీలైతే పెద్దనాన్నగారిని అడిగి కాన్వాస్ వెనక వైపు కూడా ఒకసారి చూడండి, తేదీ గానీ ఊరిపేరు గానీ రాసుకుని ఉండొచ్చు. ఏ నెలలో వేశారో తెలిస్తే కంచరపాలెం గారి వేసవి వాన లెక్క కూడా తేలిపోతుంది.

పెదవాల్తేరు:

వెనక పెన్సిల్‌తో "మే" అని, కింద ఆయన పొట్టి సంతకం ఉంది. సంవత్సరం చెరిగిపోయింది. కంచరపాలెం గారూ, మీకు నమస్కారం.